వైట్‌వుడ్ వాగు: సైనైడ్‌ను విరిచిన జీవపొర చరిత్ర

పారిశ్రామిక వ్యర్థజలాల్లోని విషపదార్థాలను సూక్ష్మజీవుల చేతనే నిర్మూలింపజేయవచ్చునన్న విషయం ఈనాడు పర్యావరణ ఇంజినీరింగు చదివే ప్రతి విద్యార్థికీ తెలిసినదే అయినా, ఆ నమ్మకం కుదురుకోవడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. సైనైడ్ వంటి తీవ్రమైన విషం విషయంలో దానికి బలమైన రుజువు అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, బ్లాక్ హిల్స్ అనే కొండసీమలో, ఒక బంగారు గని దిగువన పారే వైట్‌వుడ్ వాగు మీద లభించింది. హోమ్‌స్టేక్ గని వ్యర్థజలాల కోసం 1984లో పని ప్రారంభించిన శుద్ధి కేంద్రం, సైనైడ్‌ను పూర్తిస్థాయి పారిశ్రామిక పరిమాణంలో జీవపొరతో విచ్ఛిన్నం చేసిన తొలి కేంద్రాల్లో ఒకటి. అది ఏమి సాధించిందో, ఏది దాని శక్తికి మించినదో రెండూ కలిపి చూసినప్పుడే ఈ విద్య విలువా, దాని హద్దులూ స్పష్టమవుతాయి.

బ్యాక్టీరియా మొదలైన సూక్ష్మజీవులు ఒక గట్టి ఉపరితలాన్ని పట్టుకుని, తాము స్రవించే జిగురు పదార్థంలో ఒదిగి, పొరలుపొరలుగా పెరిగే సముదాయాన్ని జీవపొర లేదా బయోఫిల్మ్ అంటారు. చెరువు మెట్ల మీద కాలు జారేలా పేరుకునే పాచి అందరికీ తెలిసిన జీవపొర. నీటిలో విడివిడిగా తేలే సూక్ష్మజీవులు ప్రవాహంతో పాటు కొట్టుకుపోతాయి. పొరలో ఉన్నవి మాత్రం నిలిచి ఉంటాయి కనుక, నెమ్మదిగా పెరిగే జాతులకు కూడా అక్కడ స్థిరపడే వ్యవధి దొరుకుతుంది. విషం పైపొరను తాకి లోపలికి చేరేలోగా కొంత పలచబడుతుంది కాబట్టి, అడుగున ఉన్న జీవులు బతికి మళ్లీ పైపొరను నిర్మించగలుగుతాయి. విషపూరిత జలాల శుద్ధిలో జీవపొరకు దక్కిన ప్రాధాన్యానికి మూలం ఈ రెండు గుణాలే.

పేరు రాకముందే సాగిన పని

పొరకు పేరు రాకముందే దాని చేత పని చేయించుకోవడం మొదలైంది. 1877లో ఫ్రాన్సులో థియోఫిల్ ష్లోజింగ్, అషిల్ ముంట్జ్ అనే శాస్త్రవేత్తలు ఇసుకా సున్నపురాయీ నింపిన గాజు గొట్టంలోంచి మురుగునీటిని అతి నెమ్మదిగా పారనిచ్చారు. మొదటి కొన్ని వారాలు నీటిలోని అమ్మోనియాలో మార్పేమీ కనిపించలేదు. ఆ తరువాత అమ్మోనియా స్థానంలో నైట్రేట్ రావడం ప్రారంభమైంది. ఆ మార్పు కేవల రసాయన చర్య అయితే మొదటి రోజునుంచే జరగాలి. అది జీవుల పనేనని నిర్ధారించుకోవడానికి వారు గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరిని పంపగా నైట్రేట్ రావడం ఆగిపోయింది. ఆవిరిని తొలగించి, తోటమట్టి కడిగిన నీటిని కొద్దిగా పోసిన తరువాత మళ్లీ మొదలైంది. సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే ఈ ప్రక్రియనే నత్రీకరణ అంటారు. దీనికి నూరేళ్ల తరువాత వైట్‌వుడ్ వాగుకు ఇదే అక్కరకు వచ్చింది.

1887లో మసాచుసెట్స్ రాష్ట్ర ఆరోగ్య మండలి మెరిమాక్ నది ఒడ్డున ఉన్న లారెన్స్ పట్టణంలో ఒక ప్రయోగ కేంద్రాన్ని నెలకొల్పింది. ఇసుకతో నింపిన తొట్లలోనూ గులకరాళ్లతో నింపిన తొట్లలోనూ మురుగునీటిని పారించి చూసిన అక్కడి పరిశోధకులు, శుద్ధికి కారణం వడపోత కాదని గ్రహించారు. మురికి కణాలను ఆపలేనంత పెద్ద ఖాళీలున్న గులకరాళ్ల మీదుగా కూడా నీరు పలుచని పొరగా, గాలి తగులుతూ, మెల్లగా జారినప్పుడు శుభ్రపడుతున్నదంటే, రాతికి అంటుకున్న జీవులకు ఆహారమూ ఆక్సిజనూ ఒకేసారి అందడమే అసలు సంగతి అని వారికి అర్థమైంది. 1893లో ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో జోసెఫ్ కార్బెట్ రాళ్ల గుట్ట మీద మురుగును చినుకులుగా చల్లే పద్ధతిని అమలు చేశాడు. ట్రిక్లింగ్ ఫిల్టర్ అనే పేరుతో ఆ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. పేరులో ఫిల్టర్ ఉన్నా అక్కడ నీటిని శుభ్రపరచేది రాళ్ల మీది జిగట పొరే.

ఇళ్ల మురుగుకు పనికివచ్చిన ఈ జీవులు పరిశ్రమల విషానికి కూడా పనికివస్తాయా అన్న ప్రశ్న మాంచెస్టర్‌లో గట్టిగా ఎదురైంది. బొగ్గు నుంచి వాయువు తీసే కర్మాగారాలు వదిలే నీటిలో ఫినాల్ ఉండేది. ఆసుపత్రుల్లో క్రిములను చంపడానికి కార్బాలిక్ ఆమ్లం పేరుతో వాడింది ఈ ఫినాల్‌నే కనుక, బ్యాక్టీరియాను చంపే పదార్థాన్ని బ్యాక్టీరియాయే తినడం అప్పటివారికి పొసగని మాటగా తోచేది. గిల్బర్ట్ ఫౌలర్, ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ 1911లో ప్రచురించిన పరిశోధనలో కొన్ని బ్యాక్టీరియా ఫినాల్‌ను ఆక్సీకరించి ఆహారంగా వాడుకోగలవని చూపారు. విషం అనేది మోతాదునూ, జీవి అలవాటునూ బట్టి ఉంటుందన్న ఈ గుర్తింపు పారిశ్రామిక జలశుద్ధికి పునాది వేసింది. ఫౌలర్ 1916లో బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థకు ఆచార్యుడిగా రావడంతో, మురుగు శుద్ధి మీద పరిశోధనకు మన దేశంలోనూ తొలినాళ్లలోనే ఆధారం ఏర్పడింది.

1914లో ఆర్డెర్న్, లాకెట్‌లే ప్రకటించిన యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి, అంటే గాలి ఊదిన తొట్టిలో సూక్ష్మజీవులను తేలియాడే రేణువులుగా పెంచే పద్ధతి, తక్కువ స్థలంలో ఎక్కువ పని చేసినందువల్ల కొన్ని దశాబ్దాల పాటు ముందుకు వచ్చింది. జీవపొరకు మళ్లీ ఊపునిచ్చినది ప్లాస్టిక్కు. నీటిలో సగం మునిగి తిరిగే చక్రం మీద జీవపొరను పెంచాలన్న ఊహకు జర్మనీలో 1900లోనే పేటెంటు వచ్చినా, చెక్క పలకలతో అది నిలదొక్కుకోలేదు. 1950లలో స్టుట్‌గార్ట్‌లో తేలికైన ప్లాస్టిక్ పళ్లేలతో ప్రయోగాలు ఫలించగా, 1960లో తొలి వాణిజ్య యంత్రం పనిలోకి దిగింది. ఒకే ఇరుసుకు వందలాది పళ్లేలను దగ్గరదగ్గరగా గుచ్చి, వాటిలో దాదాపు 40 శాతం భాగం నీటిలో మునిగేలా అమర్చి, నిమిషానికి ఒకటి రెండు చుట్ల వేగంతో తిప్పుతారు. పళ్లెం మీది పొర నీటిలో ఉన్నప్పుడు మాలిన్యాన్నీ, పైకి వచ్చినప్పుడు గాలిలోని ఆక్సిజన్‌నూ తీసుకుంటుంది. పొర మరీ మందమైనప్పుడు దానంతటదే ఊడి నీటిలో పడి, చివరి తొట్టిలో అడుగుకు చేరుతుంది. భ్రమణ జీవచక్రం అని పిలవదగిన ఈ యంత్రం 1970లలో అమెరికాకు విస్తరించింది. పొర బరువుకు ఇరుసులు విరిగిన సందర్భాలు తొలినాళ్లలో అక్కడక్కడా తలెత్తినా, తక్కువ విద్యుత్తుతో నడిచే యంత్రంగా దానికి ఆదరణ నిలిచింది.

గనీ, వాగూ

బ్లాక్ హిల్స్ లకోటా ప్రజలకు పవిత్రమైన నేల. 1868 నాటి ఫోర్ట్ లారమీ ఒడంబడిక ప్రకారం అది వారికే చెందాలి. 1874లో కస్టర్ నాయకత్వాన వెళ్లిన సైనిక యాత్ర అక్కడ బంగారం ఉందని ప్రకటించడంతో బంగారం వేటగాళ్లు వెల్లువెత్తారు. 1876 ఏప్రిల్‌లో మాన్యుయెల్ సోదరులూ వారి భాగస్వాములూ హోమ్‌స్టేక్ గని హక్కును నమోదు చేసుకున్నారు. మరుసటి సంవత్సరం కాలిఫోర్నియాకు చెందిన జార్జ్ హర్‌స్ట్, తన భాగస్వాములతో కలిసి దాన్ని 70,000 డాలర్లకు కొన్నాడు. అదే 1877లో అమెరికా ప్రభుత్వం ఆ కొండలను లకోటాల నుంచి లాక్కున్నది. ఆ స్వాధీనానికి పరిహారం చెల్లించాలని 1980లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పటికీ, తమకు భూమే కావాలన్న లకోటాలు ఆ సొమ్మును స్వీకరించలేదు. గని చరిత్ర చెప్పేటప్పుడు ఈ అన్యాయాన్ని పక్కన పెట్టడం కుదరదు. కొండనుంచి దిగే నీటిని ఎవరు వాడుకోవాలి, ఎవరు భరించాలి అన్న ప్రశ్నకు మొదలు అక్కడే ఉంది.

హోమ్‌స్టేక్ ముడిఖనిజంలో బంగారం పాలు చాలా తక్కువ కాబట్టి కొండలకు కొండలు పిండి చేయవలసి వచ్చేది. మొదట్లో పొడి చేసిన రాతిని పాదరసంతో కలిపి బంగారాన్ని పట్టేవారు. 1887లో స్కాట్లండులోని గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు సైనైడ్ పద్ధతిని కనుగొన్నారు. గాలి తగులుతున్న పలుచని సైనైడ్ ద్రావణంలో బంగారం కరుగుతుంది. ఆ ద్రావణంలో జింకును వేస్తే బంగారం తిరిగి వేరవుతుంది. హోమ్‌స్టేక్‌లో ఈ పద్ధతిని 20వ శతాబ్ది ఆరంభాన ఛార్లెస్ మెరిల్ ప్రవేశపెట్టి, జింకు పొడితో బంగారాన్ని రాబట్టే విధానాన్ని మెరుగుపరిచాడు. ఆ విధానం నేటికీ ఆయన పేరుతోనే వాడుకలో ఉంది. 2,400 మీటర్లకు పైగా లోతుకు వెళ్లిన ఆ గని మూతపడేనాటికి సుమారు 4 కోట్ల ఔన్సుల బంగారాన్ని ఇచ్చింది.

బంగారం తీసిన తరువాత మిగిలిన రాతిపిండినీ, దాన్ని మోసుకొచ్చిన నీటినీ నూరేళ్ల పాటు నేరుగా వాగులోకి వదిలారు. 1977 వరకు అలా వైట్‌వుడ్ వాగులోకి చేరిన గని వ్యర్థాలు 10 కోట్ల టన్నుల వరకు ఉంటాయని అమెరికా భూగర్భ సర్వేక్షణ సంస్థ అంచనా. వాటిలో సైనైడ్‌తో పాటు పాదరసమూ, ఆ రాతిలో సహజంగానే ఉన్న ఆర్సెనిక్కూ ఉండేవి. వాగు డెడ్‌వుడ్ పట్టణం మీదుగా పారి బెల్ ఫూష్ నదిలో, అక్కడినుంచి షయాన్ నదిలో కలుస్తుంది. దిగువన లకోటాల రిజర్వేషన్ భూములున్నాయి. 1974-75 చలికాలంలో వాగు సమీపంలోని ఒక పాడిమందలో సుమారు 50 ఆవులు చనిపోగా, ఆర్సెనిక్ కలిసిన మేతే అందుకు కారణమని తరువాతి పరిశీలనలో తేలింది. చేపలు లేని ఆ వాగు బూడిదరంగు బురదతో పారేది.

విషాన్ని అలవాటు చేయడం

1970 ప్రాంతంలో పాదరసం వాడకం ఆగింది. 1972 నాటి జాతీయ జలశుద్ధి చట్టం ఒత్తిడి మీద గ్రిజ్లీ గల్చ్ అనే లోయలో ఆనకట్ట కట్టి, 1977 చివరినుంచి రాతిపిండిని అక్కడ నిలవచేయడం ప్రారంభించారు. దానితో బురద ఆగినా, పైకి తేరిన నీటిలోని కరిగిన విషం ఆగలేదు. ఆ నీటిలో సైనైడ్‌తో పాటు, సైనైడ్ రాతిలోని గంధకంతో చర్య జరిపినప్పుడు పుట్టే థయోసైనేట్ అనే పదార్థం దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేది. సైనైడ్ జీవకణాల్లో ఆక్సిజన్ వినియోగాన్ని అడ్డుకుంటుంది. ట్రౌట్ వంటి చల్లనీటి చేపలకు లీటరులో కొన్ని పదుల మైక్రోగ్రాములున్నా ప్రాణాంతకమే. క్లోరిన్ వేసి సైనైడ్‌ను ఆక్సీకరించడం పాత పద్ధతి. థయోసైనేట్ కూడా క్లోరిన్‌ను పెద్ద మొత్తంలో మింగేస్తుంది కనుక అది ఖర్చుతో కూడిన పని. పైగా మిగిలిపోయిన క్లోరిన్ చేపలకు మరో విషం. హైడ్రోజన్ పెరాక్సైడ్ సైనైడ్ మీద పనిచేసినా, థయోసైనేట్‌నూ అమ్మోనియానూ వదిలేస్తుంది.

ఈ చిక్కుల మధ్య గని ఉద్యోగులైన జేమ్స్ విట్‌లాక్, టెర్రీ మడర్ బ్యాక్టీరియా వైపు చూశారు. సైనైడ్ కలిసిన నీటిలోనే బతుకుతున్న బ్యాక్టీరియాను సేకరించి, విషం మోతాదును అంచెలంచెలుగా పెంచుతూ అలవాటు చేయగా, చివరికి సైనైడే వాటి కార్బన్‌కూ నత్రజనికీ ఆధారమైంది. వాటిలో ముఖ్యమైన జాతిని సూడోమోనాస్ పాసీమోబిలిస్‌గా గుర్తించారు. ఆ జాతిని తరువాత స్ఫింగోమోనాస్ అనే ప్రజాతిలోకి మార్చారు. ప్రయోగాత్మక యంత్రాల మీద కొన్నేళ్ల పరీక్ష తరువాత, 1984 ఆగస్టులో 48 భ్రమణ జీవచక్రాలతో పూర్తిస్థాయి కేంద్రం మొదలైంది. దాని సామర్థ్యం రోజుకు దాదాపు 2 కోట్ల లీటర్లు.

కేంద్రం పనితీరును దగ్గరగా చూస్తే అందులోని ఆలోచన తెలుస్తుంది. డకోటా చలికాలంలో ఆనకట్ట నీరు గడ్డకట్టే స్థితికి వస్తుంది, చలికి బ్యాక్టీరియా మందగిస్తుంది. అందుచేత గని లోతుల్లోంచి తోడిన వెచ్చని నీటిని దానితో కలిపి, చక్రాల మీదికి పంపేవారు. బ్యాక్టీరియాకు భాస్వరం కొరత రాకుండా ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని కొద్దిగా చేర్చేవారు. వరుసలోని మొదటి చక్రాల మీది పొర సైనైడ్‌నూ థయోసైనేట్‌నూ విరిచి, బైకార్బనేట్‌గా, సల్ఫేట్‌గా, అమ్మోనియాగా మార్చేది. సైనైడ్ చెర వీడిన రాగి వంటి లోహాలను ఆ పొర జిగురే పట్టుకునేది. మిగిలిన అమ్మోనియా కూడా చేపలకు విషమే కాబట్టి, తరువాతి చక్రాల మీద వేరొక సముదాయం, అంటే ష్లోజింగ్, ముంట్జ్ గాజు గొట్టంలో గమనించిన నత్రీకరణ జీవుల సముదాయం, దాన్ని నైట్రేట్‌గా మార్చేది. ఈ జీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి, సైనైడ్‌కు సులువుగా లొంగిపోతాయి. ముందు చక్రాలు విషాన్ని తొలగించిన తరువాతే వెనుక చక్రాల మీద అవి నిలవగలిగాయి. ఊడిపడిన పొరనూ సన్నని రేణువులనూ ఐరన్ క్లోరైడ్‌తో ముద్దకట్టించి, ఇసుక వడపోత గుండా పంపి, నీటిని వాగులోకి వదిలేవారు. లోనికి వచ్చేటప్పుడు లీటరుకు 60 మిల్లీగ్రాముల దాకా ఉన్న థయోసైనేట్ బయటకు పోయేటప్పుడు అర మిల్లీగ్రాముకు, 4 మిల్లీగ్రాముల దాకా ఉన్న మొత్తం సైనైడ్ మిల్లీగ్రాములో పదోవంతుకు లోపునకు తగ్గాయి. కొన్నేళ్లలోనే వాగులో ట్రౌట్ చేపలు స్థిరపడ్డాయి.

సూక్ష్మజీవులు ఉపరితలాలను పట్టుకుని సముదాయాలుగా బతుకుతాయన్న సంగతిని విలియం కాస్టర్‌టన్, ఆయన సహచరులు 1978లో రాసిన వ్యాసం విస్తృత పాఠకలోకానికి చేర్చింది. అంటే రాళ్ల గుట్టల మీద, చక్రాల మీద జీవపొరల చేత దాదాపు ఒక శతాబ్దం పని చేయించుకున్న తరువాతే వాటి నిర్మాణం శాస్త్రానికి ప్రధాన విషయమైంది. ఆ దశాబ్దంలోనూ ఆ తరువాతా ఈ విద్య వేగంగా పెరిగింది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో గాట్జె లెట్టింగా 1970లలో రూపొందించిన రియాక్టరులో జీవపొర ఏ ఆధారమూ లేకుండా తనకు తానే గుళికలుగా కట్టుకుని, చక్కెర కర్మాగారాల నీటినుంచి మీథేన్‌ను ఇచ్చింది. నార్వేలో 1980ల చివర హాల్వార్డ్ ఓడెగార్డ్ బృందం నీటిలో కలియతిరిగే చిన్న ప్లాస్టిక్ బిళ్లల మీద పొరను పెంచే పద్ధతిని రూపొందించింది.

విరిగే విషం, విరగని విషం

హోమ్‌స్టేక్ విజయం ఒక నిశితమైన భేదాన్ని కూడా బయటపెట్టింది. సైనైడ్, థయోసైనేట్, ఫినాల్ అణువులు. వాటి బంధాలను తెంచితే విషం నశిస్తుంది. ఆర్సెనిక్, పాదరసం మూలకాలు. వాటిని ఏ జీవీ నశింపజేయలేదు, ఒకచోటినుంచి మరొకచోటికి చేర్చగలదు, లేదా రూపం మార్చగలదు, అంతే. 1984 తరువాత వాగులోకి వచ్చే నీరు శుభ్రపడినా, నూరేళ్లుగా ఒడ్డులకు పేరుకున్న ఆర్సెనిక్ బురద అక్కడే ఉండిపోయింది. 1983లో వైట్‌వుడ్ వాగును అత్యంత కలుషిత స్థలాల జాతీయ జాబితాలో చేర్చి, ఇళ్ల దగ్గరి కలుషిత మట్టిని తొలగించి, మిగిలిన నేల వాడకానికి ఆంక్షలు పెట్టిన తరువాతే 1996లో జాబితానుంచి తీసివేశారు. గని 2002 ప్రారంభంలో మూతపడింది. దాని లోతుల్లో ఇప్పుడు భౌతికశాస్త్ర ప్రయోగశాల నడుస్తున్నది. అయినా గనిలో ఊరే నీటిని తోడి, శుద్ధి చేసి వదలడం ఆగలేదు. తవ్వకం నూట పాతికేళ్లు సాగింది, దాని నీటి బాధ్యతకు మాత్రం గడువు లేదు.

ఈ చరిత్ర తెలుగువారికి దూరపు కథ కాదు. చిత్తూరు సీమనుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలూ, తమిళ కుటుంబాలూ తరతరాలుగా శ్రమించిన కోలారు బంగారు గనుల్లోనూ అదే సైనైడ్ పద్ధతి నడిచింది. 2001లో గనులు మూతపడ్డాక కూడా అక్కడి సైనైడ్ దిబ్బలు ఊరి మధ్య నిలిచి, ఎండాకాలపు గాలికి దుమ్ము రేపుతున్నాయి. హైదరాబాదు శివారు పటాన్‌చెరు పారిశ్రామికవాడ మరో పాఠం చెబుతుంది. సుమారు 90 ఔషధ కర్మాగారాల నీటిని తీసుకునే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రంలో, శుద్ధి అయి బయటకు వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనం వెల్లడించింది. బ్యాక్టీరియాను చంపడానికి తయారైన మందును బ్యాక్టీరియా చేతనే తొలగించమనడంలో రెండు ప్రమాదాలున్నాయి: శుద్ధి దెబ్బతినవచ్చు, శుద్ధి నడిచినా, మందుకు లొంగని బ్యాక్టీరియా అదే పొరలో పెరిగి, తన నిరోధక జన్యువులను పక్కనున్న జీవులకు అందించవచ్చు. విషానికి అలవాటుపడే గుణం హోమ్‌స్టేక్‌లో వరమైతే, ఇక్కడ అదే గుణం ప్రజారోగ్యానికి ముప్పు.

హోమ్‌స్టేక్‌లో విషం ఒకే గనినుంచి వచ్చేది. అందులో ఏముందో, రోజుకు ఎంత వస్తుందో తెలుసు. జీవులను దానికి తగినట్టు అలవాటు చేయడానికి ఏళ్ల వ్యవధి దొరికింది. వాగులోని చేపే చివరి పరీక్ష. పదుల కర్మాగారాల నీరు ఏ పూట ఏ మిశ్రమంగా వస్తుందో తెలియని ఉమ్మడి తొట్టిలో ఈ షరతుల్లో ఒక్కటీ నెరవేరదు. అందువల్ల జీవపొర శుద్ధి నిజంగా ఫలించాలంటే ప్రతి కర్మాగారమూ తన నీటిలో ఏముందో దాచకుండా చెప్పాలి. విరిగే విషాన్నీ విరగని విషాన్నీ గోడ దాటకముందే వేరుచేయాలి. మందుల అవశేషాలు ఉమ్మడి కాలువలోకి రాకముందే వాటిని నశింపజేయాలి. ఈ మూడూ సూక్ష్మజీవుల పనులు కావు, మనుషుల బాధ్యతలు. వైట్‌వుడ్ వాగులో ఆ బాధ్యత నూరేళ్లు ఆలస్యంగా తలకెత్తుకున్నందువల్ల నీరు బాగుపడినా నేల బాగుపడలేదు. పటాన్‌చెరు దిగువనున్న నక్కవాగు, మంజీర నది పరిసరాల ప్రజలు అంత కాలం ఎదురుచూడనక్కర లేదు; ఏ క్రమంలో ఏమి చేయాలో చూపే అనుభవం ఇప్పుడు మన చేతిలో ఉంది.